మగాళ్ళు తాగని ఊరు

మా చింతలరేవులో మగాళ్ళెవరూ తాగరు. ఈ మాట నేనంటే మా ఆవిడే నమ్మదు కాబట్టి నేననడం లేదు. ప్రభుత్వం అంది. తెల్ల కాగితం మీద అచ్చు వేయించి, కింద గుండ్రటి ముద్ర గుద్ది మరీ అంది. మా ఊళ్ళో తాగేదంతా ఆడవాళ్ళేనట. నాది వానాకాలం చదువు. ముద్ర ఉన్న కాగితాన్ని కాదనేంత గుండె నాకు లేదు. కానీ ఆ కాగితం ఎలా పుట్టిందో నా కళ్ళారా చూశాను కాబట్టి చెబుతాను. ఇందులో నేను కలిపిందేమైనా ఉంటే అది పప్పులో తిరగమోతంత. తిరగమోత లేని పప్పు మీరు మాత్రం తింటారా?

కరోనా వచ్చిన వేసవి. బళ్ళు మూశారు, గుళ్ళు మూశారు, వాటితోపాటు బ్రాందీ షాపూ మూశారు. మొదటి రెండింటికీ మా వాళ్ళు పెద్దగా చలించలేదు. మూడోదానికి మాత్రం ఊరు ఊరంతా మంచం పట్టింది. ఆయుర్వేదం కొట్లో ద్రాక్షాసవం పూటలో ఖాళీ అయింది. జన్మలో దగ్గి ఎరగని వాళ్ళకు దగ్గు పట్టుకుంది. మా వీధి చివర మొండిగోడ మీద కూర్చుని మగాళ్ళందరూ మూసిన షాపు తాళం వైపు చూస్తుంటే, ఆ చూపులకే తాళం కరిగిపోతుందేమోనని నాకు భయం వేసేది.

నెల దాటాక షాపు తెరిచారు. అబ్బో, ఆ లైను! రోడ్డు మీద సున్నంతో గీసిన వలయాలు, వలయానికొక మనిషి. తల షాపు దగ్గరుంటే తోక ఏటిగట్టు దాటి పక్క ఊళ్ళోకి పోయింది. పక్క ఊరి వాళ్ళు వచ్చి ఇది దేనికి లైనని అడిగారు. సమాధానం వినకుండానే నిలబడ్డారు. ఎండకు తాళలేక మనుషులు నీడకు పోయి వలయాల్లో చెప్పులు పెట్టారు. ఓ కుక్క ఒక చెప్పు ఎత్తుకుపోయింది. ఆ చెప్పు గలవాడి వంతు ఇప్పుడు కుక్కదా, కాదా అని లైనులో పెద్ద తగువు. చివరికి కుక్కదేనని పెద్దలు తీర్చారు. కుక్క మాత్రం రాలేదు, దానికి ఆ అలవాటు లేదు.

మర్నాడు సూపరింటెండెంటు విశ్వంభరరావు గారు జీపు దిగారు. మద్యం శాఖలో మా మండలానికంతటికీ పెద్దాయన. మూతికి గుడ్డ, ఆ గుడ్డ మీద ఇంకో గుడ్డ, చేతులకు తొడుగులు. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్ళతోనే లైను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "ఆడవారి వరుస ఎక్కడ?" అన్నారు.

షాపులో సీసాలు అందించే ఏసుపాదం బిక్కమొహం వేశాడు. "ఆడోళ్ళెవరూ రాలేదండి."

"వచ్చారా రాలేదా అన్నది నా ప్రశ్న కాదు. వరుస ఎక్కడ అన్నది నా ప్రశ్న. బస్సులో స్త్రీకి ముందు సీట్లు కలవు. బ్యాంకులో ప్రత్యేక వరుస కలదు. రేషన్ దుకాణమునందును కలదు. ఒక్క మద్యం దుకాణమునందు మాత్రమే స్త్రీని విస్మరించుట జరిగినది. ఇది వివక్ష కాదా?"

"ఆళ్ళు తాగరు కదండీ," అన్నాడు ఏసుపాదం.

"అవకాశం ఇవ్వకుండానే అలవాటు లేదని ఎట్లు నిర్ధారించితివి?"

ఏసుపాదం సున్నం డబ్బా తేవడానికి లోపలికి పోయాడు. ఆ మాటకు జవాబు మీ దగ్గరుంటే చెప్పండి.

గంటలో రెండో వరుసకు వలయాలు గీశారు. 'స్త్రీలకు ప్రథమ ప్రాధాన్యం' అని బోర్డు కట్టారు. నిబంధన ఏమిటంటే, ఆడవాళ్ళ వరుసలో ఒక్క మనిషి ఉన్నా ముందు ఆమెకే ఇవ్వాలి. ఎవరూ లేకపోతే ఊరుకోకూడదు. ఒక్కో మగవాడికి సీసా ఇచ్చే ముందు, కోర్టు బంట్రోతు పిలిచినట్టు, ఏసుపాదం బయటికొచ్చి మూడుసార్లు కేకేయాలి. కేకకూ కేకకూ మధ్య ఆడమనిషి ఇంట్లోంచి నడిచి వచ్చేంత వ్యవధి ఇవ్వాలి.

"ఆడోళ్ళెవరైనా ఉన్నారా... ఆడోళ్ళూ..."

పాపం, ఏసుపాదం ఆ పూటంతా కేకలేశాడు. నూతి దగ్గర నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, బిందెలెత్తుకుని ఇళ్ళకు పరుగెత్తారు. లైను కదలడం లేదు. పొద్దున నల్లగా ఉన్న గడ్డాలు సాయంత్రానికి నెరిశాయని నేనంటే మీరు నమ్మరు, అందుకని అనను.

మా తాపీ మేస్త్రి తాతారావుకు అప్పుడు బుద్ధి వెలిగింది. తూకం గుండు వేలాడదీసి గోడను నిటారుగా, ప్లంబుకు కట్టడంలో అంతటివాడు లేడు. సాయంత్రం తను ప్లంబుకు నిలబడలేడు, అంతే తేడా. వాడు వలయంలో తువ్వాలు పడేసి ఇంటికి పరుగెత్తాడు. వాడిల్లు మా ఇంటి పక్కనే. మా పిట్టగోడ మీద నుంచి అన్నీ వినిపిస్తాయి, విననంటే నాకే నష్టం.

"ఏమే, ఒక్కసారి రావే."

"ఎక్కడికి?" అంది వాడి పెళ్ళాం వీరవేణి.

"బ్రాందీ షాపుకి."

"ఎండదెబ్బ తగిలిందా ఏంటి? నెత్తిన నీళ్ళు పోసుకో."

"తాగడానికి కాదే బాబూ, తేవడానికి. నువ్వెల్తే ముందు నీకే ఇచ్చేత్తారంట. గవర్నమెంటోళ్ళు ఆడోళ్ళకి హక్కిచ్చారే!"

"గ్యాసు బండకి తిరిగి తిరిగి చెప్పులరిగిపోతే ఇవ్వలేదు. దీనికిచ్చారా హక్కు?"

వీరవేణి మా అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు అన్నం వండి, ముక్కులు తుడిచి, పడుకోబెట్టడం ఆవిడ పని. పెళ్ళయ్యాక ప్రైవేటుగా పదో తరగతి కట్టి పాసయింది. అక్కడి టీచరమ్మ రిటైరయితే ఆ ఖాళీకి అర్జీ పెట్టుకుంది. ఆయా అన్న పిలుపు పోయి టీచరన్న పిలుపు రావడం కోసం ఆవిడ ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తోందో మా వీధికంతా తెలుసు. ఉద్యోగం ఖాయమనీ, ఉత్తర్వు రావడమే తరువాయనీ అంటున్నారు.

మొగుడు గడప దగ్గర కూర్చుని ఏడుపు లంకించుకుంటే, ఆవిడ విసుక్కుని, మొహానికి కొంగు చుట్టుకుని వెళ్ళింది. వైరస్ కోసం పెట్టిన పుస్తకంలో పేరు రాసుకుని, నిలబడ్డ కాలు నొప్పెట్టకముందే సీసా చేతికిచ్చారు. పొద్దుటి నుంచి ఎండలో మాడుతున్న మగాళ్ళందరూ ఆ సీసా అలా ఇంటికి నడిచిపోవడం కళ్ళారా చూశారు.

ఆ మర్నాడు మా ఊళ్ళో మగాళ్ళ వరుసలో పిట్ట లేదు. ఆడవాళ్ళ వరుస మాత్రం ఏటిగట్టు దాటింది. పచ్చి బాలింతరాలి దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలమ్మ దాకా అందరూ ఉన్నారు. కాఫీ కూడా ముట్టని మా ఆవిడ మాలచ్చమ్మను పక్కింటి అబ్బులు వచ్చి కాళ్ళావేళ్ళా పడి తీసుకుపోయాడు. వాడికి పెళ్ళి కాలేదు, ఆడదిక్కు లేదు.

అయితే మా మగాళ్ళు ఒక్క సంగతి ఆలోచించలేదు. సీసా ఎవరి చేతిలో ఉందో ఇల్లు వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఆ రోజు వీరవేణి ఇంటికొస్తుంటే దారిలోనే తాతారావు ఎదురొచ్చి చెయ్యి చాపాడు. వీరవేణి సీసాను సంచీ అడుక్కి తోసింది.

"ఎండలో నుంచున్నది నేను. పేరు రాయించుకున్నది నేను. ఎంత పోయాలో నేను సెప్తాను."

"కొంచెమన్నా ఇయ్యవే!"

"ముందు దొడ్లో నీళ్ళు తోడు. పిల్లలకి తానం చేయించు. తరవాత చూద్దాం."

చీకటి పడ్డాక పిల్లాడి దగ్గుమందు సీసాకు ఉండే చిన్న ప్లాస్టిక్ మూత తెచ్చి, గీత వరకూ కొలిచి పోసింది. తాతారావు ఆ మూతను దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంటే, చీమకి పోసినట్టు?" అన్నాడు. "చీమ బోలెడు పని చేస్తది, దానికి ఇంకో మూతడు పొయ్యొచ్చు," అంది వీరవేణి.

ఈ మూత పద్ధతి వీధి వీధంతా అంటుకుంది. గిన్నెలు తోమితే ఒక మూత. పిండి రుబ్బితే ఒక మూత. నోరు జారితే ఆ పూట సున్నా. సాయంత్రం గొడవలకు పేరుబడ్డ మా ఊళ్ళో ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, కప్పలు కూడా మొహమాటపడి గొంతు తగ్గించి అరిచాయి.

ఇదంతా విశ్వంభరరావు గారికి తెలియదు. ఆయనకు తెలిసిందల్లా ఆఫీసుకు చేరిన లెక్క. వైరస్ కోసమని షాపులో కొన్నవాళ్ళ పేర్లు రాసుకునేవారు కదా, ఆ ప్రకారం చింతలరేవులో తాగేవాళ్ళందరూ స్త్రీలు, పురుషులు పూజ్యం. ఆయన ఉత్సాహంతో కుర్చీలో నిలవలేకపోయారట. 'లాక్‌డౌన్ కాలమందు మద్యపాన అలవాట్లలో స్త్రీ పురుష వ్యత్యాసములు' అని పెద్ద నివేదిక తయారుచేసి పైకి పంపారు. పైవాళ్ళు దాన్ని ఇంకా పైకి పంపారు. అక్కడి నుంచి ఇంటింటి సర్వే చెయ్యమని ఆజ్ఞ దిగింది.

సర్వేకు ఆయనే స్వయంగా వచ్చారు. వీరవేణి గుమ్మం దగ్గర, ఆరడుగుల దూరంలో, కుర్చీ వేయించుకున్నారు. నేను మా పిట్టగోడ మీద మోచేతులు ఆన్చాను.

"అమ్మా, మీరు మద్యం సేవించెదరా?"

"ఛీ! అవేం మాటలండీ?"

ఆయన పక్కన రాసే ఉద్యోగితో, "లజ్జ. రాయండి," అన్నారు. "పోనీ, సీసాను ప్రతిదినమూ ముట్టుకొందురా?"

"ముట్టుకోకపోతే ఎలాగండీ? నా చేతిలోనే కదా ఉండేది."

"ఎక్కడ ఉంచెదరు?"

"బియ్యం డబ్బాలో అడుక్కి. పైకి కనపడితే ఇంకేమన్నా ఉందాండీ?"

"దాచుట. రాయండి. ఎవరైనా అడిగినచో కోపం వచ్చునా?"

"ఒళ్ళు మండిపోద్దండీ బాబూ! వంట చేస్తన్నా అదే గోల, పడుకున్నా అదే గోల."

"రాత్రి నిద్ర పట్టునా?"

"సీసా మీదే ఉంటదండీ ప్రాణమంతా. ఎప్పుడు ఎవరొచ్చి తీసేత్తారోనని."

విశ్వంభరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంత స్పష్టమైన రోగిని ఆయన సర్వీసులో చూడలేదట. తర్వాత తాతారావు వైపు తిరిగారు. తాతారావు అప్పుడే అంట్లు తోమి, చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీరు సేవించెదరా?"

వాడు పెళ్ళాం వైపు చూశాడు. పెళ్ళాం వాడి వైపు చూసింది. "దగ్గు మందు మూతడేనండి," అన్నాడు వాడు నీరసంగా. "అదీ ఇల్లు ఊడిస్తేనే."

"దగ్గు. రాయండి. వేరే అలవాట్లు లేవు."

ఇంటింటికీ ఇదే. మా ఇంట్లో మా ఆవిడను అడిగితే, "నాకోసం కాదు బాబూ, ఆ అబ్బులుగాడి కోసం నిలబడ్డాను, వాడు ఏడిస్తే చూడలేను," అంది. 'ఇతరుల మీదికి నెట్టుట, తీవ్ర స్థాయి' అని రాసుకున్నారు. అరవై ఏళ్ళ కాపురంలో నేనే ఎప్పుడూ మా ఆవిడ వాసన కనిపెట్టలేకపోయానేమోనని ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. ముద్రకు అంత శక్తి ఉంటుంది.

వారంలో రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి, చింతలరేవు మహిళలందరికీ హైస్కూల్లో మద్య విమోచన శిబిరం. రెండు, ఈ గ్రామమందు పురుష వినియోగదారులు లేనందున పురుషుల వరుస రద్దు.

ఆడవాళ్ళు మొదట లబలబలాడారు. జీపు ఎక్కేటప్పుడు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. కానీ శిబిరంలో మూడు పూటలా వండి పెట్టారు, పరుపులు వేశారు, పాలు, గుడ్లు, పళ్ళు ఇచ్చారు. ఎవరూ ఏ పనీ చెయ్యకూడదని డాక్టరు హుకుం. రెండో రోజు నేను కిటికీ దగ్గరికెళ్ళి, "ఎలా ఉందే?" అని అడిగితే మా ఆవిడ దిండు మీంచి తలెత్తకుండా, "నాకింకా తగ్గలేదని చెప్పండి," అంది.

ఊళ్ళో మగాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. వంట రాదు, పిల్లలు మాట వినరు, షాపుకెళ్తే ఏసుపాదం చేతులు జోడిస్తాడు. "మీరు తాగరంట కదండీ. ఇచ్చానంటే నా ఉద్యోగం పోద్దండి." ఆ మూత కూడా లేక, మా ఊరు చరిత్రలో మొదటిసారి నిఖార్సుగా పొడిబారింది.

అప్పుడొచ్చింది వీరవేణికి కాగితం. టీచరు ఉద్యోగం ఉత్తర్వు కాదు. 'అభ్యర్థిని మద్యపాన రుగ్మత గలదైనందున, పసిపిల్లల శ్రేయస్సు దృష్ట్యా నియామకం నిలిపివేయడమైనది' అని.

శిబిరం కిటికీ అవతల నిలబడి ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఇవతల తాతారావు, చంకలో చిన్నకూతురు. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. "ఊళ్ళో పిల్లలందరికీ ఈ చేత్తోనే పాలు పోసేనయ్యా," అంది. "ఇప్పుడు ఈ చేత్తో మందు పోసుకున్నానంట."

అంతే. కిటికీ మూసేసింది.

తాతారావు నా దగ్గరికొచ్చాడు. "తాతగారూ, సూపరెండెంటు గారి దగ్గరికి నాతో వత్తారా? నేనే తాగుతానని సెప్పేత్తాను. నా పేరు పోతే పోయింది."

పోవడానికి నీ పేరెక్కడుందిరా అని నోటిదాకా వచ్చింది. వాడి మొహం చూసి మింగేశాను.

ఆఫీసులో విశ్వంభరరావు గారు అంతా విని నవ్వారు. "నీవు తాగెదవా? రికార్డు ప్రకారం నీకు దగ్గు మాత్రమే కలదు."

"లేదండీ బాబూ, నేను పచ్చి తాగుబోతునండి. ఊళ్ళో ఎవర్నయినా అడగండి. తాతగారూ, సెప్పండి!"

"అయ్యా, వీడు తాగి గోడ కడితే గోడ కూడా తూలుతుందండీ," అన్నాను. అది నిజం కాదు గానీ అవసరానికి వాడుకున్నాను.

"భార్య నిమిత్తం అపవాదు మోయుటకు సిద్ధపడినావు. నీ త్యాగం ప్రశంసనీయం. కానీ ప్రభుత్వమునకు త్యాగం కాదు, ఆధారం కావలయును." ఆయన బల్ల సొరుగులోంచి, పరీక్షకు తెచ్చిన నమూనా సీసా తీసి గ్లాసు నిండా పోశారు. "సేవించి చూపుము."

తాతారావు గ్లాసు అందుకున్నాడు. ఒకప్పుడు అలాంటివి వరసగా నాలుగు ఖాళీ చేసి, అయిదోది ఎక్కడని అడిగినవాడు. కానీ మూడు వారాలు చీమ మూతలు, ఆ తర్వాత అదీ లేదు. పైగా కిటికీ మూసుకున్న చప్పుడు వాడి చెవిలోంచి పోలేదు. ఒక్క గుక్క వేసుకున్నాడు. కళ్ళు తేలేశాడు. దగ్గు, ఎక్కిళ్ళు, కళ్ళమ్మట నీళ్ళు. గ్లాసు బల్ల మీద పెట్టేసి, "ఛీ, ఇదేంటండీ ఇంత మంటగా ఉంది!" అన్నాడు.

విశ్వంభరరావు గారు లేచి వచ్చి, ఆరడుగుల దూరం కూడా మరిచి, వాడి వీపు నిమిరారు. "మొదటిసారి ఎవరికైనా అట్లే ఉండును, నాయనా."

తాతారావు నేల మీద కూలబడి వలవలా ఏడ్చాడు. జీవితంలో నిజం చెబుదామని ఒక్కసారి బయల్దేరితే ఒళ్ళే సాక్ష్యం చెప్పలేదు.

ఆయన మనసు కరిగింది. "ఒక మార్గం కలదు," అన్నారు. "తాగని స్త్రీకి మేము ఏమీ చేయలేము, ఆమెకు ఎట్టి పథకమూ లేదు. తాగి మానిన స్త్రీకి మాత్రం నియామకములందు ప్రాధాన్యం కలదు. శిబిరం ముగింపు సభకు అంగన్‌వాడీల శాఖ నుండి ప్రత్యేకాధికారిణి ఇందుమతి గారు వచ్చుచున్నారు. మీ భార్య వేదికపై తన పూర్వ జీవితమును ఒప్పుకొన్నచో, విముక్తి పత్రం అక్కడే ఇప్పింతును. ఉద్యోగ ఉత్తర్వు కూడా."

ఈ సంగతి కిటికీ దగ్గర చెబితే వీరవేణి భగ్గుమంది. "నేను తాగేదాన్నని నా నోటితో సెప్పాలా? అలా సెప్పి తెచ్చుకున్న ఉద్యోగంలో పిల్లలకి నిజం సెప్పమని ఏ మొహం పెట్టుకుని నేర్పను?"

తాతారావు చిన్నదాన్ని ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకున్నాడు. ఆవిడ వాడిని చూసింది. చంకలో నిద్రపోతున్న చిన్నదాన్ని చూసింది. చివరికి, "తాగుడు గురించి మాట్టాడమన్నారు, అంతే కదా?" అంది.

"అంతేనే."

"అయితే వత్తానని సెప్పు. ఆ విషయం నాకన్నా తెలిసినోళ్ళు ఎవరున్నారు?"

సభ హైస్కూలు ఆవరణలో పెట్టారు. మళ్ళీ సున్నం వలయాలు. మగాళ్ళను వలయానికొకణ్ణి కూర్చోబెట్టారు. మామూలుగా సభల్లో మా మగాళ్ళు ఒకడి వెనక ఒకడు నక్కి కునుకు తీస్తారు. ఈసారి ఎవడికీ చాటు లేదు. వేదిక మీద ఇందుమతి గారు, పక్కన విశ్వంభరరావు గారు. ఆయన పావుగంట మాట్లాడారు. అందులో నాకర్థమైంది 'సోదరీమణులారా' ఒక్కటే.

వీరవేణి మైకు ముందుకొచ్చింది. మూతి గుడ్డ కిందికి దించింది.

"నేను తాగేదాన్నండి," అంది. మగాళ్ళ వైపే చూస్తోంది. "సందె పడితే నా కాళ్ళు ఇంటికి రావు. కూలి డబ్బులు చేతిలో పడితే చెయ్యి నాది కాదు. మా అమ్మ పెట్టిన ఇత్తడి బిందె పట్టుకెళ్ళి అమ్మేశాను. అడిగితే దొంగలెత్తుకెళ్ళారని సెప్పాను. పైగా ఆ దొంగల్ని నేనే తిట్టాను."

తాతారావు మెడ వంగింది.

"పిల్లలు నా అడుగుల సప్పుడు వింటే పుస్తకాలు మూసేసి, నిద్రొచ్చినట్టు పడుకునేవోరు. అన్నం బాలేదని కంచం తన్నేశాను. తెల్లారి మళ్ళీ నేనే, ఏమే, రాత్రి నేనేమన్నా అన్నానా అని అడిగేదాన్ని. ఏమన్నానో నాకు గుర్తుండదు. విన్నోళ్ళకి గుర్తుంటది."

ఇందుమతి గారు చేతిరుమాలు తీశారు.

"మా పెద్దది పుట్టిన రోజండి," అంది వీరవేణి. "ఇక్కడ ఇంట్లో నొప్పులు పడతా ఉంటే, నేను తాగేసి ఏటిగట్టు మీద పడుకునున్నాను. ఎంతమంది పిలిచినా లేవలేదు. బిడ్డని తెల్లారి పొద్దెక్కాక సూశాను."

తన బిడ్డను తను కంటూ, అదే సమయంలో తను ఏటిగట్టు మీద ఎలా పడుకుందని వేదిక మీద ఎవరికీ అనుమానం రాలేదు. విశ్వంభరరావు గారు కళ్ళు తుడుచుకుంటూ, "రాయండి, రాయండి," అంటున్నారు. కింద మాత్రం అందరికీ లెక్క తెలిసింది. వలయాల్లో ఒక్కో తలా వంగుతూ వచ్చింది. గాలి లేదు, ఏమీ లేదు, వరి చేను వంగినట్టు వంగింది. ఆడవాళ్ళు ఒక్కరూ ఏడవలేదు. మెడలు నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు.

"అంతేనండి నేను సేసింది," అని వీరవేణి నమస్కారం పెట్టింది.

అప్పుడు తాతారావు లేచాడు. వలయం దాటి, వేదిక మెట్ల దాకా నడిచాడు. "అమ్మగోరూ, ఆ బిందె అమ్మింది నేనండి. ఏటిగట్టు మీద పడుకుంది నేనండి. కంచం తన్నింది నేనండి. అది గుక్కెడు కూడా తాగలేదండి."

ఇందుమతి గారు లేచి నిలబడ్డారు. ఆ ఒక్క క్షణం, నా మాట నమ్మండి, ప్రభుత్వానికి నిజం తెలిసిపోతుందేమోనని నేను భయపడ్డాను.

"చూశారా!" అన్నారు ఆవిడ గద్గదంగా. "భార్య చేసిన తప్పులన్నీ తన నెత్తిన వేసుకుంటున్న ఇలాంటి భర్త వల్లనే ఈమె మారగలిగింది. స్త్రీలను మద్యం నుంచి కాపాడగలిగేది మద్యం ముట్టని పురుషుడే!"

"నేను తాగుతానండీ బాబూ!" అని తాతారావు మొత్తుకున్నాడు.

"పరీక్షించితిమి మేడం, తాగలేడు," అన్నారు విశ్వంభరరావు గారు.

చప్పట్లు మోగాయి. వీరవేణికి విముక్తి పత్రం ఇచ్చారు. దాని మీదనే పెట్టి టీచరు ఉద్యోగం ఉత్తర్వు ఇచ్చారు. తాతారావుకు ఎర్రంచు ఉన్ని శాలువా కప్పి, ఆదర్శ పురుషుడని మెడలో దండ వేశారు. వాడు శాలువా తీసేయబోతే ఫొటో తీసేవాడు వద్దని వారించాడు.

సభ అయ్యాక వాళ్ళిద్దరూ ముందు, నేనూ మా ఆవిడా వెనక ఇంటికి నడుస్తున్నాం. వీరవేణి ఉత్తర్వును రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నడుస్తోంది. విముక్తి పత్రం ఏం చేసిందో నేను చూడలేదు. దారిలో కాలవ వచ్చింది, దాటాక ఆ కాగితం లేదు. తాతారావుకు చెమటలు ధారలు కడుతున్నాయి.

"ఏమే," అన్నాడు చివరికి, నెమ్మదిగా. "ఇది నాది కాదే. అబద్ధం శాలువా. తీసేత్తునా?"

వీరవేణి ఆగింది. వాడి భుజం మీంచి జారుతున్న శాలువాను తనే సర్దింది.

"ఉంచు," అంది. "నిజమయ్యేదాకా కప్పుకో."

రోహిణి కార్తె. రాళ్ళు పగిలే ఎండ. తాతారావు ఆ శాలువాను మెడ దాకా లాక్కుని, ఉక్కతో ఉడికిపోతూ, పెళ్ళాం వెనకే నడిచాడు.